జల్లు వైపు గోడ

గోదాము, తూకం గది
ఆదివారం

నాన్నకు,

ఫోన్లో నేను అరగంట మాట్లాడితే నువ్వు అరగంటా "ఆఁ, ఆఁ" అంటావు. చివర్లో "సరేగానీ, ఎందుకు చేశావు?" అంటావు. కాంక్రీటు కలిపే యంత్రం పక్కన నిలబడి నిలబడి పోగొట్టుకున్న చెవులు నీవి, వాటిని అని లాభం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకుని, తీరిగ్గా తిట్టు.

చెల్లి ఈపాటికి నీ చెవిన ఊదేసే ఉంటుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా. అవును, ఇల్లు కడుతున్నాం. అవును, గడ్డితోనే. మా ఇద్దరికీ మతి బాగానే ఉంది.

కోతలయ్యాక పొలంలో మిగిలిన ఎండుగడ్డిని ఒక యంత్రం గట్టిగా నొక్కి, పెట్టెల్లా నలుపలకలుగా చేసి, తాళ్ళు బిగించి వదులుతుంది. ఆ కట్టల్ని రాతి పునాది మీద ఇటుకల్లాగే అతుకు మీద అతుకు రాకుండా పేర్చాలి. పైన కప్పు వెయ్యాలి. తర్వాత లోపలా బయటా మట్టి మెత్తాలి. గోడ మందం ఇంచుమించు నా చెయ్యి పొడుగు ఉంటుంది, ఇక ఎండా దూరదు, చలీ దూరదు.

ఇది నా బుర్రలో పుట్టిన పిచ్చి కాదు. మా గోదాముకి ధాన్యం తెచ్చే ఒక రైతు ఇలాంటి ఇంట్లోనే ఉంటాడు. బయట మాడిపోయే ఎండలో ఒకసారి ఆ ఇంట్లో కూర్చున్నాను, లేచి రాబుద్ధి కాలేదు. ఏటా కోతలు అవడం ఆలస్యం, చుట్టుపక్కల పొలాల్లో గడ్డి తగలబెడతారు. ఆ పొగకి మా దగ్గర బస్తాలు మోసేవాళ్ళంతా దగ్గుతూనే ఉంటారు. గింజల్ని తూచి, తేమ చూసి, పసిపాపల్లా లోపల పడుకోబెడతాం. వాటిని మోసిన గడ్డిని మాత్రం కాల్చేస్తాం. ఈసారి ఆ గడ్డిని నేను అడిగి తెచ్చుకుంటున్నాను.

నీ దగ్గర దాపరికం ఎందుకు. మాకున్నదంతా ఇందులోనే పెట్టాం. వానలు దిగేలోపు బయటి గోడలకి మట్టి పడిపోవాలి, ముఖ్యంగా జల్లు కొట్టే వైపు గోడకి. గడ్డి తడిసి ఆరకపోతే లోపల కుళ్ళుతుంది. కుళ్ళితే ఆ గోడ పోయినట్టే, గోడ పోతే దాని మీదున్న కప్పు పోయినట్టే. నాకున్న భయమల్లా అదొక్కటే.

దీవించి రాయి. ముందు తిట్టి, తర్వాత దీవించినా పరవాలేదు.

నీ పెద్దది


చిన్నదాని ఇల్లు, మేడ మీద గది

పెద్దమ్మాయికి,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదటి వాక్యం రాయాలి గనక రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాక నేనొక్కణ్ణీ బాగాలేను.

నా జన్మంతా ఇటుక మీద ఇటుక పెట్టి, సిమెంటు పూసి, ఊళ్ళో వాళ్ళందరికీ ఇళ్ళు కట్టాను. ఒక్క గోడ ఒరిగిందని ఎవడూ నా గుమ్మం తొక్కలేదు. అలాంటి మేస్త్రి కూతురు గడ్డిలో కాపురం పెడతానంటే నలుగురూ ఏమనుకుంటారు? నలుగురి సంగతి వదిలెయ్, వాళ్ళకేం పనిలేదు. ఆ దారిన పోయే ఆవొకటి నీ వంటింటి గోడ మేసి వెళ్ళిపోతే ఎవరి మీద కేసు పెడతావు? పెద్దల్లుడు గారు కరెంటు పని చేసే మనిషి, నిప్పురవ్వంటే ఏంటో తెలిసిన మనిషి. ఆయనెలా తలూపాడు? నీ మాటకి తలూపడం అలవాటైపోయి ఉంటుంది పాపం.

నా సంగతి తెలిసిందేగా. సిమెంటు సోకితే చేతులు పొక్కిపోయి, పగిలి, అన్నం కలుపుకోవడానికి కూడా పనికిరాకుండా పోతాయి. ఇక జన్మలో ముట్టుకోకండి అని చర్మం డాక్టరు తేల్చి చెప్పాడు. చేతులు నయమయ్యాయి. పనే పోయింది. తాపీ మంచం కింద ఉంది. సాయంత్రం పూట ఎదురుగా కడుతున్న మేడ చూస్తూ కూర్చుంటాను. వాళ్ళు గోడ వంకరగా లేపుతుంటే ఇక్కడ్నుంచి అరుస్తాను. నా అరుపు వాళ్ళకి వినపడదు, వాళ్ళ తిట్టు నాకు వినపడదు, ఎవరికీ గొడవ లేదు.

చేతులు బాగుంటే నీ ఇల్లు నేనే కట్టేవాణ్ణి. సిమెంటుతో కట్టేవాణ్ణి. అది చెయ్యలేకపోయానన్న బాధ ఒకటి ఉండనే ఉంది, దాని మీద నువ్వు ఈ గడ్డి తెచ్చి పడేశావు.

దీవెనలకేం, ఎప్పుడూ ఉంటాయి. ఇంకోసారి ఆలోచించు.

నాన్న


కొత్త ఇంటి స్థలం, కట్టల నీడన

నాన్నకు,

ఇంకోసారి ఆలోచించాను. ఈలోగా గోడలు లేచాయి.

నీ ఆవు సంగతి ముందు తేల్చేస్తాను. మట్టి మెత్తిన గోడని ఏ ఆవూ మేయదు, దానికీ రుచి తెలుసు. నిప్పంటావా, విడిగడ్డి భగ్గుమంటుంది, ఒప్పుకుంటాను. అందుకే ఇక్కడ రోజూ పొద్దుపోయేలోగా రాలిన గడ్డంతా ఊడ్చి దూరంగా పోయిస్తున్నాను, బీడీ వెలిగించినవాణ్ణి గేటు బయటికి పంపిస్తున్నాను. కానీ బిగించి కట్టిన కట్టలో గాలి ఆడదు, పైన మట్టి కూడా పడితే నిప్పు అంత తేలిగ్గా దూరదు. మీ అల్లుడు ఒక కట్టకి మట్టి పూసి, ఆరబెట్టి, స్వయంగా దాని మీద నిప్పులు పోసి చూశారు. పైన నల్లబడింది, అంతే. ఆ తర్వాతే తలూపారు. వట్టినే ఊపలేదు.

ప్రతి కట్టనీ నేనే పరీక్ష చేసి తీసుకున్నాను. గోదాములో బస్తాల్లో గుచ్చి తేమ చూసే కడ్డీ ఉందిగా, దాన్నే కట్టల్లో గుచ్చాను. తేమ ఎక్కువున్నది ఒక్కటి కూడా గోడ ఎక్కలేదు. కొందరు రైతులు మొహం ముడుచుకున్నారు. "అమ్మా, ధాన్యానికైతే సరే, గడ్డికి కూడా ఇంత చూపా?" అన్నారు.

కప్పు కూడా వేసేశాం. చూరు బాగా బయటికి దించాం, జల్లు గోడ దాకా రాకుండా. ఇప్పుడు పనంతా ఆపి కూర్చున్నాం. నీకు నవ్వొస్తుంది చూడు. కప్పు బరువుకి గడ్డి గోడ మెల్లగా కిందికి దిగుతుంది. ఒకచోట వేలెడు, ఇంకోచోట రెండు వేళ్ళు. పూర్తిగా దిగేదాకా మట్టి మెత్తకూడదు, మెత్తితే పగుళ్ళిస్తుంది. అందుకని రోజూ పనయ్యాక వచ్చి గోడ ఎంత దిగిందో చూసుకుని వెళ్తున్నాం. అంతకంటే చెయ్యడానికేం లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మట్టి మెత్తేవాళ్ళు దొరకడం లేదు నాన్నా. ఒక మేస్త్రి వచ్చాడు, గోడ తట్టాడు, చుట్టూ తిరిగాడు, "సిమెంటు ఎక్కడమ్మా?" అన్నాడు. సిమెంటు వద్దు, మట్టీ ఇసకా తరిగిన గడ్డీ అంతే అన్నాను. రేపొస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. సిమెంటు ఎందుకు వద్దంటే, అది గడ్డిని ఊపిరాడనివ్వదు. మట్టి అయితే తేమని పీల్చుకుని, ఎండ రాగానే బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే లోపల చేరిన చెమ్మ లోపలే ఉండిపోతుంది.

రాయొద్దనుకుంటూనే రాస్తున్నాను. మట్టిలో సిమెంటు లేదు. నీ చేతులకి ఏమీ కాదు. పనిమంతుడి చెయ్యి నాకు కావాలి, ఆ చెయ్యి మా పుట్టింటి వైపే ఖాళీగా కూర్చుని ఉంది. రావా?

నీ పెద్దది


చిన్నదాని ఇల్లు, మేడ మీద గది

పెద్దమ్మాయికి,

మట్టి పని చెయ్యడానికి నేను పునాది తవ్వే కూలీననుకున్నావా అని రాసి, ఆ కాగితం చించేశాను. ఇది రెండో కాగితం.

నీ ఉత్తరం అందాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఎదురు మేడకి పునాది తవ్విన మట్టి కుప్ప పోసి ఉంటే ఒక బకెట్టు అడిగి తెచ్చాను. తడిపాను, తొక్కాను, గడ్డి దొరక్క మీ చెల్లి ఇంట్లో పాత చాప తరిగి కలిపాను. మేడ మీద పిట్టగోడకి ఒక మూల మెత్తాను. చిన్నది బట్టలు ఆరేయడానికి పైకొచ్చి, నా మోకాళ్ళ దాకా బురద చూసి, "చాప ఏదీ?" అంది. ముందు చాపే అడిగింది, మనిషికేమైందని అడగలేదు.

తర్వాత రోజూ పొద్దున్నే లేస్తూనే చేతులు చూసుకున్నాను. దురద లేదు, పొక్కు లేదు. వారం దాటినా ఏమీ లేదు. పొద్దున్నే అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటుంటే చిన్నల్లుడు జాతకం చూసుకుంటున్నాననుకున్నాడు. నిజం చెప్పనా, ఏడుపొచ్చింది. మళ్ళీ తాపీ పట్టుకున్నాను తల్లీ. గోడ మీద తాపీ నడిచే చప్పుడు నాకు వినపడదు గానీ, మణికట్టుకి తెలుస్తుంది.

వస్తాను. కానీ ముందే చెప్తున్నాను, ఆ మట్టి వానకి నిలుస్తుందన్న నమ్మకం నాకింకా కుదరలేదు. నా పిట్టగోడ మీద చిన్నది బకెట్టు నీళ్ళు కొడితే అంచు కరిగింది. ఎందుకు కొట్టావే అంటే, చాపకి బదులంది.

గోడలు దిగడం ఆగగానే రాయి.

నాన్న


కొత్త ఇల్లు (ఇల్లు అనే రాస్తాను ఇక)

నాన్నకు,

నువ్వు బస్సెక్కి వెళ్ళిన దగ్గర్నుంచీ ఇక్కడ ఏదో వెలితిగా ఉంది. పొద్దున్నే లేవగానే "మట్టిలో నీళ్ళెవరు పోశారు? పాయసం చేస్తున్నారా?" అన్న కేక వినపడదు. నువ్వు ఇంకో రోజు ఉంటానని చెప్పి, చెప్పాపెట్టకుండా ముందే సంచి సర్దుకోవడం నాకు నచ్చలేదు. చెల్లి బెంగ పెట్టుకుందని అన్నావు. చెల్లికి బెంగ అనేది ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ మూడు గోడలూ అందరం కలిసి మెత్తిన రోజులు ఎంత బాగున్నాయో. గుంటలో నానిన మట్టిని నువ్వు లుంగీ ఎగ్గట్టి తొక్కడం, మా ఆయన జారి అందులో కూర్చోవడం, నువ్వు లేపకుండా "అలాగే ఉండండి అల్లుడు గారూ, బాగా కలుస్తోంది" అనడం. ముందు పలచటి మట్టినీళ్ళు గడ్డిలోకి ఇంకేలా రుద్దడం, తర్వాత మందంగా పొర, దాని మీద నున్నటి పొర. చూస్తుండగానే నువ్వు పదేళ్ళు చిన్నవాడివైపోయావు. నాకు తాపీ ఇవ్వమంటే మాత్రం ఇవ్వలేదు. చిన్నప్పుడూ ఇంతే, ఆడపిల్లల చేతులు పాడవుతాయని మమ్మల్ని తాపీ తాకనిచ్చేవాడివి కాదు. ఇది సిమెంటు కాదు కదా నాన్నా.

జల్లు వైపు గోడ నువ్వొక్కడివే చేస్తానని మమ్మల్నిద్దర్నీ పనికి తరిమేశావు. సాయంత్రం వచ్చి చూస్తే అద్దంలా ఉంది. మిగతా మూడు గోడలు దాని ముందు వెలవెలబోతున్నాయి. గోదాము నుంచి మోతవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఒకాయన వేలితో తట్టి, "మట్టి ఇంత గట్టిగా ఉంటుందా?" అన్నాడు. మా నాన్న చెయ్యి పడితే ఉంటుంది అన్నాను.

మా ఆయన స్నానాల గది మెట్టు కట్టుకుందామని, పునాదికి వాడగా మిగిలిన సిమెంటు బస్తా కోసం వెతికారు. షెడ్డులో లేదు. నువ్వేమన్నా చూశావా?

ఆకాశం ఇంకా ఖాళీగానే ఉంది. మబ్బు కనపడగానే గుండెలు దడదడలాడే రోజులు పోయాయి నాకు. అది నీ చలవే.

నీ పెద్దది


చిన్నదాని ఇల్లు

పెద్దమ్మాయికి,

కళ్ళజోడు పగిలింది, అందుకని చిన్నల్లుడి చేత రాయిస్తున్నాను. మందుల కొట్టు మనిషి గనక రాత మందుల చీటీలా ఉంటే ఏమీ అనుకోకు.

బస్తా గట్టిపడిపోతే నేనే పారేశాను. ఇక్కడ అందరం కులాసా. గోడ బాగుందన్నావు, సంతోషం. వానలొస్తే ఆ గదిలో నిశ్చింతగా పడుకోండి.

నాన్న


కొత్త ఇల్లు, జల్లు వైపు గది

నాన్నా,

నీ చేతులెలా ఉన్నాయి?

కళ్ళజోడు సంగతి వద్దు. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తానని ఊరంతా చెప్పుకునే మనిషివి నువ్వు. చిన్నల్లుడి చేతిరాత చూడగానే అనుమానం వచ్చింది, అయినా నమ్మకూడదనుకున్నాను. లేచి వెళ్ళి నాలుగు గోడల మీదా చెంబుతో నీళ్ళు చల్లాను. మూడు గోడలు తాగేశాయి, నల్లబడ్డాయి, కాసేపటికి ఆరిపోయాయి. జల్లు వైపు గోడ తాగలేదు. నీళ్ళు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి.

లోపలి వైపు ఇంకా మట్టి పెట్టలేదు కదా, అందుకని కడ్డీ తెచ్చి అటునుంచి గుచ్చాను. మిగతా మూడు గోడల్లోనూ గడ్డి పొడిగా ఉంది. ఇందులో మాత్రం బయటి పొర దగ్గరికి వెళ్ళేసరికి తేమ చూపిస్తోంది. నువ్వు మెత్తినప్పటి నీళ్ళే ఇంకా అక్కడున్నాయి. బయటికి పోవడానికి దారి లేదు. అదే బస్తా అయితే నేను తూకం దగ్గరికి కూడా రానివ్వను.

మట్టిలో సిమెంటు కలిపావు. పైన సిమెంటు పాలు పూసి, అది కనపడకుండా దాని మీద మట్టి రుద్దావు. కాదంటే చెప్పు.

నాకు కోపంగా ఉంది నాన్నా. ఎన్నిసార్లు చెప్పాను, ఎన్ని ఉత్తరాల్లో రాశాను. నేను చిన్నపిల్లననా, నాకేం తెలుసుననా? ఈ పనిలో నాకు తెలిసింది ఒక్కటే, గింజైనా గడ్డైనా లోపల చెమ్మ ఉంటే నిలవదని. ఆ ఒక్కటీ నువ్వు నమ్మలేదు. వానలు ఇంకెంతో దూరం లేవు.

కోపం ఒకవైపు. ఇంకోవైపు ఈ ఉత్తరం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నీ చేతులే కళ్ళ ముందు మెదులుతున్నాయి. పొక్కుతాయని తెలిసీ ఎందుకు పెట్టావు అందులో? పోయినసారి అన్నం ముద్ద నేను కలిపి పెడితే మొహం అటు తిప్పుకుని తిన్నావు. చిన్నల్లుడి చేతైనా సరే, నిజం రాయించు.

నీ పెద్దది


చిన్నదాని ఇల్లు

పెద్దమ్మాయికి,

చిన్నల్లుడి చేతే రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతే ఊరుకోనని చెప్పాను, అతను తలొంచుకుని రాస్తున్నాడు. చేతులకి మందు రాసి గుడ్డలు కట్టాడు. నయమవుతాయి, కంగారు పడకు.

నువ్వు రాసిందంతా నిజం. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని మొదలుపెట్టాను. కాసేపటికి చిరిగిపోయాయి. అప్పుడు ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చేతులు మండడం మొదలవగానే సంచి సర్దుకున్నాను, నీ కంట పడకూడదని.

నీ మాట నమ్మక కాదమ్మా. మూడు గోడలు నువ్వు చెప్పినట్టే చేశాను, చేస్తుంటే నాకూ బాగానే అనిపించింది. నాలుగో గోడ దగ్గరికొచ్చేసరికి లోపల మీ మంచం కనపడింది. జల్లు కొట్టే గోడ, దాని పక్కన నా కూతురు తల పెట్టి పడుకునే మంచం. మధ్యలో ఒట్టి మట్టి. నా చేతులు ఒప్పుకోలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ గట్టి గోడలు కట్టిచ్చి, నీకు మాత్రం బకెట్టు నీళ్ళకి అంచు కరిగే గోడ కట్టనా? గట్టిదనం అంటే నాకు తెలిసింది సిమెంటొక్కటే. నా దగ్గరున్న మంచిదేదో అది నీకు పెట్టాను. అదే నీ ఇంటికి చేటు చేస్తుందని చెప్తే తలకెక్కలేదు.

కొట్టించెయ్. ఇవాళే కొట్టించు, నా గురించి ఆగొద్దు. ఎంత బాగా కుదిరిందో అని ఒక్క క్షణం కూడా చూడకు. ఇంకెవరి చేతనైనా మెత్తించుకో. నేనిక తాపీ పట్టను. సిమెంటు పట్టడానికి చెయ్యి పనికిరాదు, మట్టి పట్టడానికి బుద్ధి పనికిరాదు.

నాన్న


కొత్త ఇల్లు

నాన్నకు,

కొట్టేశాం. నేనూ మీ అల్లుడూ సుత్తులు పట్టుకుని రెండు ఆదివారాలు కొట్టాం. నువ్వు చేసిన పని అంత తేలిగ్గా ఊడుతుందా. మా ఆయన ఆయాసపడుతూ "మామయ్య కట్టిన ఇళ్ళు పడగొట్టేవాళ్ళకి రెట్టింపు కూలి ఇవ్వాలి" అన్నారు.

గడ్డి పైపైన కాస్త రంగు మారింది, ముక్క వాసన మొదలైంది. కుళ్ళలేదు. కింద వరసలో కొంచెం తీసేసి పొడిగడ్డి కూరాం. ఇప్పుడు గోడ చొక్కా విప్పుకుని ఎండలో ఉంది. సాయంత్రాలు గోనెపట్టాలు కప్పుతున్నాం. రోజూ కడ్డీ గుచ్చి చూస్తున్నాను, తేమ దిగుతోంది. కానీ నిన్న దూరంగా ఉరిమింది. ఇప్పుడు వాన పడితే ఆ గోడకి దిక్కు లేదు.

ఇంకెవరి చేతనో మెత్తించుకోమన్నావు. ఆ ఇంకెవరో ఎవరూ లేరు. నేనే మెత్తుతాను. నాకు రాదు. నువ్వెప్పుడూ నేర్పలేదు. వచ్చి నేర్పు. చేతులకి కట్లుంటే ఉండనీ, నీకు కుర్చీ వేస్తాను, కుర్చీలో కూర్చుని నోటితో చెప్పు. గోడ ముందు నిలబడి ఒక్కదాన్నే మట్టి కొడితే అది నా మొహం మీదే పడుతోంది, నిన్న అదే అయింది.

నా మంచం పక్కన గోడకి నువ్వు పడ్డ బాధ చదివి, ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి చదివాను. కోపం ఎటు పోయిందో తెలీదు. కానీ గోడ సంగతి గోడదే. బుద్ధి పనికిరాదనీ తాపీ పట్టననీ నాతో అనకు. ఇది నీకు కొత్త, నాకూ కొత్త. ఇద్దరం తప్పులు చేస్తూ నేర్చుకుందాం.

తొందరగా రా.

నీ పెద్దది


చిన్నదాని ఇల్లు

పెద్దమ్మాయికి,

రేపటి బస్సుకి వస్తున్నాను. చేతులు రావడం లేదు, నోరు మాత్రం వస్తోంది. తర్వాత పశ్చాత్తాపపడకు.

మట్టి ఇవాళే నానబెట్టు. గడ్డి వేలెడు పొడుగు తరుగు, అంతకంటే పొడుగు వద్దు.

నాన్న


కొత్త ఇల్లు, జల్లు వైపు గది

నాన్నకు,

క్షేమంగా చేరావని చెల్లి చెప్పింది. కట్లు విప్పేశారట, కొత్త చర్మం వస్తోందట. గోక్కోకు.

నువ్వు కుర్చీలో కూర్చుని నన్ను తిట్టిన తిట్లు మీ అల్లుడు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతున్నారు. "వేళ్ళతో కాదు, అరచేతి మొదలుతో తొయ్యి", "గోడని జో కొడుతున్నావా, మెత్తుతున్నావా?" మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. రెండో రోజు నువ్వు మాటలు తగ్గించావు. మూడో రోజు అసలు మాట్లాడలేదు. తిరిగి చూస్తే ఆ కట్టు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి ఎటు పోతే అటు తల తిప్పుతున్నావు. బాగుందా అంటే, "ఆఁ, ఆఁ" అన్నావు. అది వినపడని "ఆఁ" కాదని నాకు తెలుసు.

పొర ఆరీ ఆరకముందే వాన వచ్చింది. ఎంత వానో నువ్వూ చూశావు. చూరు చాలావరకు కాచింది, అయినా గాలికి జల్లు గోడ మీదికి కొట్టింది. మనం ముగ్గురం ఆ గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప ఏం చేశాం.

నీకు చెప్పని సంగతొకటి ఉంది. మర్నాడు పొద్దున వాన వెలిశాక నేను నీకు టీ పట్టుకుని వచ్చాను. నువ్వు బయట గోడ దగ్గర నిలబడి ఉన్నావు. చేతులకి కట్లు, తేమ తెలియదు కదా. అందుకని నీ చెంప గోడకి ఆనించావు. కాసేపు ఉంచి, ఒక అడుగు జరిగి, మళ్ళీ ఆనించావు. అలా ఆ మూల నుంచి ఈ మూల దాకా గోడంతా చెంపతో చూశావు. నేను పిలవలేదు. పిలిచినా నీకు వినపడేది కాదు. టీ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసి తెచ్చాను. నువ్వేమో ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుని "చక్కెర ఎక్కువైంది" అన్నావు.

అప్పట్నుంచీ ఇంకా చాలా వానలు పడ్డాయి. వాన వెలిసినప్పుడల్లా కడ్డీ గుచ్చి చూస్తున్నాను. కాస్త పెరుగుతుంది, ఎండ రాగానే దిగిపోతుంది. గోడ నిలబడింది నాన్నా. ఒక్కచోట కూడా కరగలేదు. రాత్రి వాన పడుతున్నట్టు కూడా తెలియడం లేదు, అంత నెమ్మదిగా ఉంటుంది గది. నా మంచం ఆ గోడకే ఆనించి ఉంది. హాయిగా పడుకుంటున్నాను.

వానలయ్యాక లోపలి గోడలు మెత్తాలి. ఒక మనిషి వస్తానన్నాడు. మాట్లాడమంటావా?

నీ పెద్దది


మేడ మీద గది

పెద్దమ్మాయికి,

ఇది నా చేతిరాతే. వంకరగా ఉందని చిన్నది వెక్కిరిస్తోంది, దాన్ని పట్టించుకోకు. వేళ్ళు ఇంకా బిగుసుగా ఉన్నాయి, ముక్కకీ ముక్కకీ మధ్య ఆగి రాస్తున్నాను.

చెంప సంగతి చూశావన్నమాట. చూస్తే చూశావు. ఆ పొద్దున గోడ చల్లగా ఉంది, తడిగా లేదు. మొదటి మూల దగ్గర చెంప ఆనించాలంటే భయమేసింది, చివరి మూలకి వచ్చేసరికి ఆ భయం పోయింది. వెంటనే నీతో చెప్పాలనుకున్నాను. చెప్పబోతే నోరు చక్కెర మీదికి పోయింది. ఇప్పుడు చెప్తున్నాను. నువ్వు చెప్పిందే నిజం. నేను కట్టిన గోడలన్నీ గట్టివే గానీ, ఒక్కదానికైనా చెంప ఆనించాలని నాకెప్పుడూ అనిపించలేదు.

నీకు పని నేర్పకుండా ఇన్నాళ్ళు నష్టపోయింది నువ్వు కాదు, నేనే. మీ చేతులు పాడవకూడదని దాచాను. నీకు ఇంత చెయ్యి ఉందని తెలుసుకోకుండానే నా పని రోజులన్నీ అయిపోయేవి. ఆ మూడో రోజు నేను నోరు మూసుకున్నది దిద్దడానికి ఏమీ లేక. దిద్దాల్సింది లేకపోతే మాట్లాడటం నాకు రాదు, అది నీకు తెలుసు.

ఆ వస్తానన్న మనిషిని రావద్దను. లోపలి గోడలకి నేనొస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను, ఒట్టి మట్టి అయితే ఏమీ కాదు, చెయ్యండి అన్నాడు. ఎంత నానబెట్టాలో, ఎంత తరగాలో, ఏ గోడ ముందో, ఏది వెనకో అన్నీ నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను. కాదంటే నా మీద అరిచెయ్.

మేస్త్రివి నువ్వు. నేను కూలీకొస్తాను. పనిలోకి ఎప్పుడు రమ్మంటావో రాయి.

నాన్న